బ్రాడీపేట పోర్షన్‌లో కరెంటు కుక్కర్

కట్టెల పొయ్యి, ఇత్తడి గిన్నె, గంజి వార్చిన అన్నం, దాని మీద ఇంత వెన్నపూస. ఈ మధ్య మా బంధువుల్లో ఎవరు చిన్నప్పటి కబుర్లు మొదలుపెట్టినా ఇక్కడికొచ్చే ఆగుతున్నారు. ఆ అన్నం రుచి నేనూ ఎరుగుదును, కాదనను. కానీ గుంటూరు, ఇంటర్మీడియట్, రెండు జడలు అనుకోగానే నాకు నోరూరేది మాత్రం కరెంటు కుక్కర్లో ఉడికిన బీపీటీ అన్నానికే. ఈ మాట అన్నప్పుడల్లా మా పెద్దమ్మ కూతురు లెంపలేసుకుంటుంది. వేసుకోనీ.

మాది తెనాలి అవతల, కాలవ కింద ఊరు. 1993లో నన్ను ఇంటర్లో, తమ్ముణ్ణి ఎనిమిదో తరగతిలో చేర్చడానికి గుంటూరులో ఒక పోర్షన్ తీసుకున్నారు. మా వైపు అప్పట్లో ఇది మామూలే. పొలమూ గొడ్లూ వదిలి రాలేక అమ్మానాన్నా ఊళ్లో ఉండిపోయేవాళ్లు. పిల్లలకి వండిపెట్టడానికి అమ్మమ్మో నాయనమ్మో టౌనుకి వచ్చేది. బ్రాడీపేట లైన్లలో సాయంత్రం పూట అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలని పలకరిస్తే చాలామంది ఇలా వచ్చినవాళ్లే. ఒకరిది రేపల్లె, ఒకరిది చిలకలూరిపేట పక్క పల్లె, ఒకరిది మాచర్ల. ఎవరి ఊరి వాన సంగతి వాళ్లు చెప్పుకునేవాళ్లు.

మాకు వచ్చింది అమ్మమ్మ. ఆవిడకి పొయ్యి అంటే మూడు రాళ్లో, మట్టితో మెత్తిన పెద్ద పొయ్యో. పోర్షన్లో వంటగది అని ఓనరుగారు చూపించింది మెట్ల కింద జాగా. ఒకరు నిలబడితే రెండోవాళ్లకి చోటుండదు. గ్యాసు కనెక్షన్‌కి పేరు రాయించుకుంటే ఏళ్లు పట్టే రోజులవి. కిరసనాయిలు స్టవ్ ఒకటి తెచ్చుకున్నాం గానీ, రేషన్ కార్డేమో ఊళ్లో ఉండె, కిరసనాయిలేమో గుంటూరులో కావాలె. బ్లాకులో కొని, దాన్ని పొదుపుగా కూరకీ చారుకీ వాడుకోవడంతో సరిపోయేది. పైగా వత్తులు ఎగదోస్తే మసి, తగ్గిస్తే మంట చాలదు. అన్నం ఎసరు పెట్టి అమ్మమ్మ ఆ మెట్ల కింద చెమటలు కక్కుతూ నిలబడేది.

దసరాకి మద్రాసు నించి మామయ్య వచ్చి ఈ అవస్థ చూశాడు. మళ్లీ వచ్చినప్పుడు అట్టపెట్టెతో దిగాడు. తెల్లటి డొక్కు, లోపల అల్యూమినియం గిన్నె, ముందు వైపు ఒకే ఒక మీట, రెండు చిన్న దీపాలు. అమ్మమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మంట ఎక్కడ్రా?" అంది. మంట ఉండదు, కరెంటుతో ఉడుకుతుందని మామయ్య చెప్పాడు. "మంట లేకుండా ఉడికింది అన్నమెట్టా అవుద్దిరా, నానినట్టే గదా" అని ఆ పూట ఆవిడ మజ్జిగ తాగి పడుకుంది. మేం ముగ్గురం తిన్నాం. మర్నాడు పొద్దున, అందరూ లేవక ముందు, గిన్నెలో మిగిలిన అన్నం మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తుంటే పట్టుకున్నాను. పలుకు లేదు, చిమిడిపోలేదు. ఏమీ మాట్లాడలేదు ఆవిడ. ఆ పూట మీట తనే నొక్కింది.

మొదటి గొడవ ఓనరుగారితో వచ్చింది. పై అంతస్తులో ఉండేవాళ్లు, మీటరు ఇద్దరికీ ఒకటే. ఆ ఇంటావిడ మెట్ల కింద ఎర్ర దీపం చూసి ఆగిపోయింది.

"మామ్మగారూ, అద్దె మాట్లాడినప్పుడే కరెంటు పొయ్యి పెట్టొద్దని చెప్పానుగా?"

"పొయ్యి కాదమ్మా, గిన్నె. చూడు, మంటేదీ?" అంది అమ్మమ్మ. మొన్నటిదాకా తను మామయ్యని అడిగిన ప్రశ్నే, ఆవిడకి జవాబుగా అప్పజెప్పింది.

ఆవిడ తృప్తి పడలేదు. వరండాలో మీటరు దగ్గర నిలబడి అందులో తిరిగే చక్రాన్ని చూస్తూ ఉండిపోయింది. అది గిరగిరా తిరుగుతోంది మరి. నేను నోట్సు వెనక కాగితం చింపి లెక్క కట్టాను. కుక్కర్ అడుగున 700 వాట్లని ఉంది. అరగంట నడిస్తే యూనిట్లో మూడో వంతు, ఇంకాస్త. రెండు పూటలా వండినా రోజుకి ముప్పావు యూనిట్ దాటదు. ఆవిడకి నా లెక్క మీద నమ్మకం కుదరలేదు గానీ, భోగి నాడు అమ్మమ్మ ఆ కుక్కర్లోనే పులగం వండి, నెయ్యి పోసి పైకి పంపించాక మీటరు దగ్గర నిలబడటం మానేసింది. తర్వాత కొన్నాళ్లకి ఆవిడే వచ్చి, ఇది ఎక్కడ దొరుకుతుంది, మీ అబ్బాయి మళ్లీ ఎప్పుడొస్తాడు అని వాకబు చేసింది.

కుక్కర్ గురించి జనం అనే మాట ఒకటుంది, అందులో వంట ఏముంది, బియ్యం పోసి మీట నొక్కడమేగా అని. అలా అనేవాళ్లు పాత బియ్యం, కొత్త బియ్యం తేడా తెలియనివాళ్లు. మా బియ్యం ఊరి నించి వచ్చేవి. నాన్న ఇంటి తిండికని కొంత చెక్కలో బీపీటీలు వేసేవాడు. బాపట్ల పరిశోధన స్థానంలో పుట్టి 1986లో విడుదలైన రకం అది, బీపీటీ 5204. కాగితాల మీద సాంబ మసూరి, మా ఊళ్లో అందరికీ బీపీటీలే. సన్నగా, తేలిగ్గా ఉంటుంది మెతుకు. నాన్న బస్తా బస్సు మీద వేయించి, గుంటూరు బస్టాండ్ నించి రిక్షాలో తెచ్చి దించేవాడు. సంక్రాంతి తర్వాత వచ్చే బస్తా అంటే అమ్మమ్మకి టెన్షన్. అవి కొత్తవి. కుప్ప నూర్చి ఎన్నాళ్లో కాలేదు. మామూలుగా పోసే నీళ్లు పోస్తే ముద్దే. వార్చే గిన్నెలో అయితే ఎక్కువైన నీళ్లు గంజిగా పోతాయి, తప్పు దిద్దుకోవచ్చు. కుక్కర్లో ఆ వీలు లేదు. పోసిన ప్రతి చుక్కా బియ్యమే తాగాలి. అందుకని నీళ్లు పోసేటప్పుడే బియ్యం వయసు తెలిసుండాలి.

కుక్కర్‌తో పాటు ఒక ప్లాస్టిక్ కప్పు వచ్చింది. 180 మిల్లీలీటర్లు పడుతుంది, జపానువాళ్ల కొలత. గిన్నె లోపల గీతలు కూడా ఉండేవి, ఇన్ని కప్పులకి ఇంతవరకు నీళ్లు అని. ఆ గీతలు వాళ్లు తినే పొట్టి బియ్యానికి గీసినవి. ఏడాది పాతబడ్డ బీపీటీలకి ఆ నీళ్లు ఏ మూలకి? అమ్మమ్మ గీతల్ని మొదటి వారంలోనే పక్కన పెట్టేసింది. గింజ ఒకటి పంటి కింద వేసి కొరికేది. పటుక్కుమంటే పాతవి, మెత్తగా తెగితే కొత్తవి. దాన్నిబట్టి చూపుడు వేలు బియ్యం మీద ఆనించి, కొత్తవైతే మొదటి కణుపుకి కాస్త కింద, పాతవైతే కణుపు దాటించి నీళ్లు. పాతవి అరగంట నానాలి కూడా. కప్పు మాత్రం చాలాకాలం ఉంది, ఉప్పు డబ్బాలో.

ఇంకో అలవాటు, గిన్నెని లోపల పెట్టేముందు దాని అడుగు పైటకొంగుతో తుడవడం. ఎందుకు తుడుస్తావు అంటే, "మెతుకు ఇరుక్కుంటే దానికి తిక్క పుడుతుందే" అనేది. నిజంగానే పుట్టేది. ఒకసారి తమ్ముడు తుడవకుండా పెడితే అన్నం సగం ఉడికే సరికే మీట పైకి లేచిపోయింది.

ఆ తిక్క ఏమిటో నాకు సెకండియర్లో బోధపడింది. కుక్కర్ ఎందుకో వేడెక్కడం మానేస్తే హిమని సెంటర్ దగ్గర రిపేరు కొట్టుకి తీసుకెళ్లాం. ఆయన గిన్నె తీసేసి, హీటరు ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద లేచి ఉన్న గుండ్రటి బిళ్లని వేలితో నొక్కి చూపించాడు. "దీని ప్రాణం ఇక్కడుందమ్మా. లోపల అయస్కాంతం." మాకు సరిగ్గా అప్పుడే అయస్కాంతత్వం పాఠంలో క్యూరీ ఉష్ణోగ్రత నడుస్తోంది. ఇంటికొచ్చి పుస్తకం తీసి చూసుకుంటే అంతా అందులోనే ఉంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ ఎంత వేడి పెట్టినా అడుగు 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, వేడంతా ఆవిరి కావడానికే పోతుంది. నీళ్లు ఇంకిపోయాక ఆ కట్టు ఉండదు, వేడి 100 దాటుతుంది. బిళ్లలోని పదార్థం ఇంకో రెండు మూడు డిగ్రీలకే అయస్కాంతానికి లొంగని స్థితికి వచ్చేలా చేసి పెట్టింది. పట్టు జారుతుంది, స్ప్రింగు తంతుంది, మీట టక్కున లేస్తుంది. గిన్నెకీ బిళ్లకీ మధ్య మెతుకు దూరితే గిన్నె వేడి బిళ్లకి సరిగ్గా చేరదు, హీటరు వేడే దాన్ని ముందుగా కాలుస్తుంది. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. వచ్చుంటే కుక్కర్ బొమ్మతో సహా రాసేదాన్ని.

ఇదంతా అమ్మమ్మకి వివరించి చెబితే ఓపిగ్గా విని, "నీళ్లయిపోగానే దానికి తెలిసిపోద్దన్నమాట" అంది. అంతే మరి.

టక్కుమన్నా సరే, వడ్డించేది కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకి మేం పుస్తకాల ముందు కూర్చుంటే, మెట్ల కింద నించి గిన్నె మూత చప్పుడు, తర్వాత ఆవిరి వాసన, తర్వాత టక్. ఆ చప్పుడుకి తమ్ముడు పుస్తకం మూసేవాడు. "కూచోరా, మగ్గాలి" అనేది. ఇంకో పావుగంట మూత తియ్యనిచ్చేది కాదు. అడుగున తడీ పైన పొడీ సర్దుకుంటేనే మెతుకు విడివిడిగా వస్తుందని ఆవిడ లెక్క. ఆ పావుగంటలోనే చారు పోపు వేసేది. ఆ తర్వాత మూత తీసి, హస్తం అంచుతో చుట్టూ వదిలించి, కిందా మీదా చేసి పెట్టేది. అడుగున కాగితంలా లేచొచ్చే బంగారు రంగు మాడు తమ్ముడిది. దాని మీద నెయ్యీ కందిపొడీ వేసుకుని అప్పడంలా నమిలేవాడు. నాకు పెట్టేవాడు కాదు.

ఆవిడకి కుక్కర్ మీద ఒక్కటే కోపం, గంజి రాదని. గుంటూరులో కుడితికి గొడ్లు లేవు కాబట్టి ఆ బాధ లేదు గానీ, చీరలకి గంజి కావాలిగా. ఆవిడ కట్టేవి మంగళగిరి నేత చీరలు, నిజాం అంచువి. గంజి లేకపోతే అవి ఒంటి మీద నిలవవు, వేలాడతాయి. సగ్గుబియ్యం కాచి పెట్టి చూసింది. "ఇది అట్టలా ఉందే, చీర కట్టుకున్నట్టు లేదు" అంది. ఆఖరికి ఉపాయం కనిపెట్టింది. చీరలు ఉతికే రోజున రెండు గ్లాసుల నీళ్లు అదనంగా పోసేది. తెర్లుతున్నప్పుడు మూత తీసి, గరిటెతో పైనున్న గంజి తోడేసి, మళ్లీ మూత పెట్టేది. ఆ అన్నం వార్చినదీ కాదు, ఇగిర్చినదీ కాదు. బాగానే ఉండేది. తోడిన గంజిలో చీరలకి పోగా గ్లాసెడు మిగిలితే ఉప్పు వేసుకుని తను తాగేది.

వార్చిన అన్నమే అన్నం అనే మా బంధువులకి ఒక సంగతి చెప్పాలనుంటుంది. అమ్మమ్మ ఎడమ మణికట్టు మీద నాలుగైదు మచ్చలుండేవి, కొన్ని పాతవి, కొన్ని మరీ పాతవి. సిబ్బి జారి గంజి పడ్డ మచ్చలు. మా అమ్మకీ ఉన్నాయి. కూలీలకి వండే రోజుల్లో పెద్ద గిన్నె మసిగుడ్డలతో పట్టుకుని వంచాలి. ఆవిరి మొహాన కొడుతుంది, చెయ్యి వదిలితే కాళ్లు కాలతాయి. వెన్నపూస కలుపుకుని తిన్నవాళ్లకి ఇది గుర్తుండదు. కుక్కర్ వచ్చాక అమ్మమ్మ చేతికి కొత్త మచ్చ పడలేదు. నా వరకు, రుచి గురించిన వాదన అక్కడితో అయిపోయింది.

గుంటూరు ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో మెట్ల కింద స్టవ్ వెలిగించడమంటే శిక్షే. ఆ రోజుల్లో కుక్కర్‌ని వరండా ప్లగ్గుకి తెచ్చి అక్కడే వండేసేది. కరెంటు ఉండాలి గానీ! కొండపల్లి పక్కన థర్మల్ స్టేషన్ 1979 నించి పొగలు కక్కుతూనే ఉంది, మా బ్రాడీపేటకి మాత్రం కోతలు తప్పలేదు. సగం ఉడికాక పోయిందంటే అంతే. మూత తియ్యకుండా పైన తడిగుడ్డ కప్పి ఆ వేడికే మగ్గనిచ్చేది. అరగంటలో రాకపోతే గిన్నె ఎత్తి స్టవ్ మీద పెట్టేది. సొట్ట పడకుండా ఎత్తాలి. అడుగు సొట్ట పడితే ప్లేటు మీద సరిగ్గా ఆనదు, ఆ తర్వాత ఏ పూటా అన్నం సరిగ్గా ఉడకదు. పేపర్లో కోతల వేళలు పడితే తమ్ముడు చింపి గోడకి అంటించేవాడు. ఆ వేళలకీ అసలు కోతకీ సంబంధం ఉండేది కాదు.

ఎండాకాలం రాత్రిపూట మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దుటికి చద్దన్నం. పెరుగు, పచ్చి ఉల్లిపాయ, నంజుకోను ఊరమిరపకాయ. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ప్లగ్గు పీకకపోతే రెండో దీపం వెలుగుతూ అన్నాన్ని వెచ్చగా ఉంచుతుంది, తెల్లారేసరికి పసుపు రంగుకి తిరిగి ఒకలాంటి వాసన వస్తుంది. అమ్మమ్మ పడుకోబోయే ముందు తలుపు గడియ చూసినట్టే ప్లగ్గు కూడా చూసేది.

ఆవిడ ఊరెళ్లినప్పుడు మా రాజ్యం. కడిగిన గుడ్లు బియ్యం మీదే పెట్టి మీట నొక్కేవాళ్లం. అన్నం, గుడ్లు ఒకేసారి. ఆవిడ ఉండగా అయితే గుడ్డు ఆ గిన్నె దరిదాపులకి రానిచ్చేది కాదు, తను తిననని కాదు, "అన్నం గిన్నెకి నీచు తగలకూడదు" అని. కూర కోసం ఇంకా కర్రీ పాయింట్లు ఇన్ని రాలేదు. గోంగూర పచ్చడి, కందిపొడి, ఊరి నించి వచ్చిన ఆవకాయ. తర్వాత్తర్వాత చూస్తుండగానే ప్రతి లైన్లోనూ కర్రీ పాయింటు వెలిసింది. గదుల్లో కుర్రాళ్లు కుక్కర్ పెట్టి, చొక్కా తగిలించుకుని కిందకి వెళ్లి పప్పు, వేపుడు పొట్లాలు కట్టించుకొచ్చే లోపల అన్నం అయిపోయేది. ఆ కొట్లు నిలబడింది సగం ఈ కుక్కర్ల వల్లేనని నా అనుమానం. అన్నం ఇంట్లో ఉడక్కపోతే కూర ఒక్కటే ఎవరు కొంటారు?

తమ్ముడి ఇంటర్ అయ్యాక పోర్షన్ ఖాళీ చేశాం. కుక్కర్ని అమ్మమ్మ ఎవరికీ ఇవ్వలేదు, ఊరికి తీసుకెళ్లింది. అక్కడ లోవోల్టేజి. అరగంటలో అయ్యేది గంట పట్టేది. అయినా మా అమ్మ కట్టెల పొయ్యి ఊదుకుంటుంటే పక్కన పీట వేసుకుని తన వంటలు తను చేసుకునేది. చూడటానికొచ్చిన ఆడవాళ్లందరికీ, "నీళ్లయిపోగానే దానికే తెలిసిపోద్ది" అని చెప్పేది. ఆవిడ పోయాక అది అటక మీద చాలాకాలం ఉంది. ఇల్లు తిరగకట్టినప్పుడు పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. అప్పుడు నేను ఊళ్లో లేను.

ఈ మధ్య కుక్కర్ పుట్టుక గురించి చదివాను. జపానులో తోషిబా వాళ్లు 1955లో మొదటి ఆటోమేటిక్ కుక్కర్ అమ్మకానికి తెచ్చారట. తయారుచేసినాయన పేరు యోషితాడా మినామి. అందులో అయస్కాంతం లేదు. బయటి గిన్నెలో కొలిచి పోసిన నీళ్లు ఆవిరైపోయేసరికి లోపలి అన్నం ఉడకాలి, అప్పుడు స్విచ్చు ఆగాలి. ఆ నీళ్లెన్నో, ఆ నిమిషాలెన్నో తేల్చడానికి మళ్లీ మళ్లీ వండి లెక్కలు రాసింది ఆయన భార్య ఫుమికో. ఇంటి పనీ పిల్లల పనీ చూసుకుంటూనే. ఆవిడ వేళ్ల కణుపులు కూడా ఎక్కడో ఒకచోట కొలతకి పనికొచ్చే ఉంటాయని నాకనిపించింది.

తమ్ముడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. పోయిన నెల వీడియో కాల్లో కొత్త కుక్కర్ చూపించాడు. మీట లేదు, టక్కుమనదు, అయిపోగానే పాట పాడుతుంది. సుషీకి ఒక బటన్, గంజికి ఒక బటన్, ముడి బియ్యానికి ఒకటి. వాడు తెచ్చింది సోనా మసూరి బస్తా, దానికి ఏది నొక్కాలో తెలియక రెండు పూటలు ముద్ద తిన్నాడట.

"అక్కా, అమ్మమ్మ ఎన్ని నీళ్లు పోసేది?"

"బియ్యం కొత్తవా పాతవా?"

"బస్తా మీద లేదే."

"కొరికి చూడు."

వాడు నిజంగానే వెళ్లి నాలుగు గింజలు తెచ్చుకుని ఫోను ముందు కొరికాడు. చప్పుడు నాకు వినపడలేదు గానీ, మెత్తగా తెగిందన్నాడు. నీళ్లు తగ్గించమని చెప్పాను.